సూర్యారావు అతికిన బూట్లు

ఒడిశాలోని మునిగుడలో రైల్వే క్వార్టర్ల వెనక మైదానంలో ఆరేళ్లపాటు తెల్లవారుజామున పరుగు నేర్పిన మనిషి సూర్యారావు. అది ఆయన ఉద్యోగం కాదు. ఉద్యోగం పట్టాల మీద. ట్రాక్‌మన్‌గా చేరి కీమన్ అయ్యాడు. భుజాన సుత్తి, పానా వేసుకుని రోజూ తన వంతు ఆరు కిలోమీటర్లు నడవాలి. సడలినచోట బిగించాలి, పట్టా ఎక్కడన్నా పగిలిందేమో చూడాలి. చలికాలంలో ఇనుము ముడుచుకుని వెంట్రుకవాసి గీత పడుతుంది. మామూలు కంటికి అది తుప్పు చారలా ఉంటుంది. ఇరవై ఎనిమిదేళ్ల నౌకరీలో అలాంటివి నాలుగు పట్టుకున్నాడు. ఒకసారి పై అధికారులు శాలువా కప్పి ఫొటో కూడా తీశారు.

డ్యూటీకి వెళ్లేముందు రెండు గంటలు మైదానంలో ఉండేవాడు. పోలీసు, అటవీ శాఖ, సైన్యం ఉద్యోగాలకు తయారయ్యే పిల్లలు చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేవాడు కాదు. కూతురి పెళ్లయి విజయనగరం వెళ్లిపోయాక ఇంట్లో తనూ, భార్య కామేశ్వరమ్మా ఇద్దరే. ఆ పిల్లల కేకలు లేకపోతే ఆయనకు పొద్దు మొదలయ్యేది కాదు.

పరుగు ఒక ఎత్తు, బూట్లు బాగుచేయడం ఒక ఎత్తు. పట్టాకీ, దాని కింది సిమెంటు దిమ్మెకీ మధ్య ఒక రబ్బరు పలక వేస్తారు. కొన్నాళ్లకి తీసేసి పక్కన పడేస్తారు. సూర్యారావు వాటిలో మంచివి ఏరి తెచ్చి, పాదం కొలతకి కత్తిరించి, ఆకురాయితో రాకి, సొల్యూషన్ పూసి బూటు అడుగున అతికేవాడు. అంచుల వెంట నైలాన్ దారంతో కుట్టేవాడు. ఆయన అతికింది ఊడిందన్న మాట మునిగుడలో ఎవరూ వినలేదు.

"రైలుని మోసిన రబ్బరిది. నిన్ను మొయ్యదేటి?" అనేవాడు బూట్లు చేతికిస్తూ.

ఈ పనితనం వెనక ఆయన పాత గర్వం ఒకటుంది. టెక్కలి పక్క పల్లెలో పుట్టి ఇరవై మూడేళ్లు వచ్చేదాకా వట్టికాళ్లతోనే పరుగెత్తాడు. రైల్వేలో చేరిన మరుసటి ఏడు డివిజన్ ఆటల పోటీల్లో ఎవరో పడేసిన బూట్లు తొడుక్కుని ఐదు వేల మీటర్లలో మూడోవాడిగా వచ్చాడు. ఆ బూట్లకే మూడుసార్లు అడుగు మార్చి తొమ్మిదేళ్లు వాడాడు. మనిషి సన్నం, తేలిక. కాళ్లు ఏనాడూ నొప్పెట్టలేదు. పైగుడ్డ చిరిగితే తప్ప బూటు చచ్చినట్టు కాదని, అడుగు అరిగితే అతికితే చాలని అప్పుడు కుదిరిన నమ్మకం ఇక కదల్లేదు.

పుణ్యవతి ఆయన చెల్లెలు కోటేశ్వరమ్మ కూతురు. తండ్రి గున్నయ్య గుణుపురం దగ్గర పొలం చేసుకుంటాడు. పిల్ల డిగ్రీ చదివింది, కానిస్టేబుల్ ఉద్యోగానికి రాత పరీక్ష నెగ్గింది. ఇక పరుగు పరీక్ష మిగిలింది. వయసు హద్దు దాటకముందు అదే ఆఖరి అవకాశం. వర్షాలు మొదలవుతుండగా ఒక సంచీతో మావయ్య ఇంటికి వచ్చి దిగింది. సంచీలో ఏడాది కిందట గుణుపురంలో కొన్న నీలం బూట్లున్నాయి.

నెల తిరిగేసరికి మైదానంలో ఆ పిల్లని అందుకునేవాళ్లు లేకపోయారు. బిసంకటక్ వైపు తారురోడ్డు మీద రోజూ ఎనిమిది కిలోమీటర్లు. పదహారు వందల మీటర్ల పరీక్షకి అంత అక్కర్లేదు. కానీ ఆమెకు పరుగంటే ఇష్టం, సూర్యారావుకు ఆ పరుగు చూడటం ఇష్టం. సైకిలు మీద పక్కనే వెళ్తూ, ఈ పిల్ల నా రక్తం అనుకునేవాడు.

దసరాకి ముందే బూట్ల అడుగు మడమ బయటివైపు నున్నగా అరిగిపోయింది. ఆయన రబ్బరు పలక అతికాడు. పండక్కి బియ్యం బస్తాతో వచ్చిన గున్నయ్య గుమ్మంలో ఆ బూట్లు తిరగేసి చూశాడు.

"బావా, అమ్మికి కొత్తవి కొనీమంటావేటి? రాయగడ ఎల్లి తెచ్చీగల్ను."

"ఎందుకి బావా? అడుగు సూడు, రాయిలాగ లేదేటి? పరీచ్చ దాకా ఇవే సాలు. కొత్తవేత్తే కాళ్లు బొబ్బలెక్కుతాయి."

గున్నయ్యకి బూట్ల సంగతి తెలియదు. బావకి తెలుసని ఊరుకున్నాడు.

పుణ్యవతి మొదటిసారి నొప్పి గురించి చెప్పింది నవంబరు నెలాఖరున. పరుగు అయ్యాక మెట్టు మీద కూర్చుని, కుడికాలి ముందరి ఎముక మీద, మోకాలికి జానెడు కింద వేలు పెట్టింది.

"ఇక్కడ నొప్పెడతంది మావయ్యా. సుట్టూ కాదు, ఈ ఏలు పెట్టినకాడే."

"కండ గట్టిపడతంది అమ్మీ. పరుగెడితే అదే సర్దుకుంటాది. నాలుగు రోజులు సూడు."

నాలుగు రోజులు కాదు, నాలుగు వారాలు గడిచాయి. పరుగు మొదలుపెట్టినప్పుడు ఉండే నొప్పి ఇప్పుడు ఆపాక కూడా ఉంటోంది. రాత్రిళ్లు ఎముక లోపల సలుపుతోందని అత్తకి చెప్పింది. కామేశ్వరమ్మ ఉప్పు వేయించి కాపడం పెట్టింది. పెట్టి, భర్తతో అంది: "ఏటండీ, ఓపాలి డాట్రుకి సూపిద్దుము. పిల్ల నిద్దర్లో మూలుగుతంది."

"డాట్రు సూత్తే మంచం ఎక్కీమంటాడు. నెలన్నరలో పరీచ్చ ఉంది. ఇన్నాళ్ల కట్టం ఏటవుతాది?"

మూడోసారి చెప్పింది ఫిబ్రవరిలో, పరీక్షకి పన్నెండు రోజుల ముందు. ఈసారి నొప్పి గురించి కాదు.

"మావయ్యా, ఈ బూట్లు బండరాయిలాగున్నాయి. నిన్న కుంతి బూట్లు ఏసుకుని సూసేను. మెత్తగున్నాయి. కాలికి హాయిగున్నాది."

కుంతి మైదానానికి వచ్చే మరో పిల్ల. ఆమెకు ఎవరో చుట్టాలు కొత్త బూట్లు పంపారు. సూర్యారావు ముఖం ముడుచుకుపోయింది. ఇన్నేళ్లలో తన అతుకుని ఎవరూ ఒక మాట అనలేదు. అన్నది తన మేనకోడలు.

"మెత్తటి బూట్లు బలం తినేత్తాయి. నీకు పరుగు గావాలా, హాయి గావాలా?"

పుణ్యవతి ఆయన ముఖంలోకి చూసి తలదించుకుంది. ఆ తర్వాత నొప్పి మాట ఎత్తలేదు. తగ్గిందనే ఆయన అనుకున్నాడు.

రాయగడ మైదానంలో పరీక్ష. మంచు విడిపోయి ఎండ పడుతున్న వేళ ఆడపిల్లల్ని ఇరవయ్యేసి మందిగా వదులుతున్నారు. నాలుగు చుట్లు. సూర్యారావు కంచె బయట జనంలో నిలబడ్డాడు. మొదటి చుట్టులో పుణ్యవతి మూడో స్థానంలో ఉంది, రెండో చుట్టుకి ముందుకొచ్చింది. తల నిటారుగా ఉంది కానీ కుడికాలు నేల మీద మోపుతున్న తీరు ఆయనకు కొత్తగా కనిపించింది. అడుగు వేసి వెంటనే లాక్కుంటోంది, కాలిన పెంకు మీద పెట్టినట్టు. అప్పుడే కేక వేసి ఆపి ఉండాల్సింది. గడియారం చూసుకున్నాడు. ఇలాగే పోతే అర నిమిషం మిగులుతుందని లెక్క వేసుకున్నాడు.

మూడో చుట్టు మలుపులో ఆమె పడిపోయింది. తట్టుకుని పడినట్టు లేదు. కాలు కింద నుంచి తీసేసినట్టు పడింది. వెనక వస్తున్నవాళ్లు పక్కకి తప్పుకుని పరుగెత్తారు, పాపం, వాళ్లకీ గడియారం ఉంది. సూర్యారావు కంచె దూకితే ఇద్దరు కానిస్టేబుళ్లు పట్టుకున్నారు. మేనమావనని ఒడియాలో అరిచాడు. వదిలారు. దగ్గరికి వెళ్లేసరికి ఆమె రెండు చేతుల్తో మట్టి పట్టుకుని ఉంది. మోకాలికీ చీలమండకీ మధ్య, వంగకూడని చోట, కాలు వంగి ఉంది.

"అయిపోనాది మావయ్యా," అంది. ఏడవలేదు. ఏడుపు తర్వాత, స్ట్రెచర్ ఎత్తినప్పుడు వచ్చింది.

ఆసుపత్రిలో ఎముకల డాక్టరు పేరు సౌమ్యరంజన్. వయసులో చిన్నవాడు, మాట మెల్లన. ఎక్స్‌రే వెలుగు పలక మీద పెట్టి సూర్యారావుని పిలిచాడు.

"ఇది ఇవాళ విరిగింది కాదు," అన్నాడు ఒడియాలో. "ఇవాళ పూర్తయిందంతే. ఈ అంచు చూడండి, ఎముక ఎప్పటి నుంచో అతుక్కోవాలని చూసి దిమ్మ కట్టింది. ముందు సన్నగీత పడి ఉంటుంది. ఎన్నాళ్లుగా నొప్పి?"

"మూడు నెల్లు," అంది మంచం మీద నుంచి పుణ్యవతి, మత్తులోనే.

సూర్యారావు ఎక్స్‌రే దగ్గరికి వంగి చూశాడు. సన్నగీత. అలాంటి గీత కోసమే ఇరవై ఎనిమిదేళ్లుగా తల వంచుకుని నడిచాడు. పిల్ల వేలు పెట్టి చూపించింది. ఇక్కడే, అని చెప్పింది.

డాక్టరు మంచం కింద ఉన్న బూటు తీశాడు. మడమ దగ్గర పక్కనుంచి బొటనవేలితో నొక్కాడు. లోపలికి పోలేదు. బల్ల మీద నిలబెట్టాడు. అది బయటివైపు ఒరిగింది.

"ఈ రబ్బరు ఎవరు వేశారు?"

"నానే," అన్నాడు సూర్యారావు, ఒడియా మరిచిపోయి.

"పని బాగుంది. ఇంకో రెండేళ్లయినా అరగదు. కానీ బూటు చచ్చిపోవడం కింద మొదలవదండీ. ఈ రబ్బరుకీ పాదానికీ మధ్య స్పాంజి ఉంటుంది. అడుగు అడుగుకీ అది అణగాలి, మళ్లీ పైకి లేవాలి. ఆరేడు వందల కిలోమీటర్లకి లేవడం మానేస్తుంది. పక్కల ఇదిగో, ఇలా ముడతలు పడతాయి. బూటు ఒకవైపు వాలుతుంది. ఎన్నడూ లేని నొప్పి కాలి ముందరి ఎముకలోనో, మోకాల్లోనో మొదలవుతుంది. అప్పుడు బూటు మార్చాలి, పరుగూ ఆపాలి. బూటు ఒక్కటే ఎముక విరగ్గొట్టదు. నొప్పి మీద పరుగెత్తించడం విరగ్గొడుతుంది."

గున్నయ్య, కోటేశ్వరమ్మ సాయంత్రానికి వచ్చారు. కోటేశ్వరమ్మ అన్నగారి పక్కనుంచి నడిచి లోపలికి పోయింది. గున్నయ్య వరండాలో నిలబడి, తలగుడ్డ విప్పి ముఖం తుడుచుకున్నాడు.

"నాను కొంతానన్నాను గదా బావా," అన్నాడు. సూర్యారావు కొట్టించుకోవడానికైనా సిద్ధంగా ఉన్నాడు. ఆ ఒక్కమాటకి సిద్ధంగా లేడు.

విశాఖపట్నంలో ఎముక లోపల రాడ్డు వేశారు. పుండు చీము పట్టింది. మళ్లీ తెరిచారు. ఆ ఏడాదంతా పుణ్యవతి మంచానికీ చంకకర్రకీ మధ్య గడిపింది. ఎముక ఎలాగో అతుక్కుంది. కాలు మాత్రం వేలెడు పొట్టి అయింది. కొత్త ప్రకటన పడేనాటికి ఆమె వయసు హద్దు దాటిపోయింది.

ఆ పరీక్ష తర్వాత రాయగడ నుంచి తిరిగొచ్చిన మర్నాడే సూర్యారావు, ట్రాక్ పనివాళ్ల సామాను ఉండే గ్యాంగ్ గదిలో ఇనుప రంపం తీసుకుని ఆ నీలం బూటుని నిలువుగా కోశాడు. కింద తన రబ్బరు చెక్కుచెదరకుండా ఉంది. దాని పైన స్పాంజి మడమ బయటివైపు రొట్టె మందాన అణిగి, ఎండిన తాండ్రలా గట్టిపడి ఉంది. నడిపాదం దగ్గర ఇంకా అంగుళం ఉంది. తేడా కళ్లెదుట కనిపిస్తోంది. కోయకముందు కనపడనిది ఇదే. గొళ్లెం వేసుకుని చాలాసేపు ఆ గదిలోనే కూర్చున్నాడు. ఆ పూట ఆయన నడవాల్సిన బీటు ఇంకొకరు నడిచారు.

తను అతికిన బూట్లు పదకొండు జతలు మైదానంలో ఉన్నాయి. అన్నీ నొక్కి చూశాడు. తొమ్మిది జతలు చచ్చినవే. ఇవి వేసుకుని పరుగెత్తొద్దని చెప్పాడు. పిల్లలు తెల్లబోయారు. ఆయనే కదా నిన్నటిదాకా రైలుని మోసిన రబ్బరన్నది. ఒక పిల్లవాడు, మరి ఏం వేసుకోమంటారని గట్టిగానే అడిగాడు. మర్నాటి నుంచి సూర్యారావు మైదానానికి వెళ్లడం మానేశాడు. డ్యూటీ, ఇల్లు. కామేశ్వరమ్మ పలకరిస్తే పలికేవాడు. ఆమె కూడా, నేను ముందే చెప్పాననే మాట ఏనాడూ అనలేదు. అనకపోవడం ఆయనకి తెలుస్తూనే ఉండేది.

ఆ ఏడాది ఆషాఢంలో కుంతి వచ్చింది. మునిగుడ సంతలో విస్తరాకులు అమ్మే ఒకామె కూతురు ఆ పిల్ల. అక్కడి కొండవాళ్ల ఒడియా అయిన దేశియా యాసలో తెలుగు కలిపి మాట్లాడుతుంది.

"మైదానంలో ఎవరూ లేరు సారూ. ఒక్కదాన్నే పరుగెత్తుతున్నా. కాలు నొప్పి పెడితే ఎవరికి చెప్పాలి?"

ఆ ప్రశ్నకి ఆయన లోపలికి వెళ్లి చొక్కా వేసుకున్నాడు. కుంతి బూట్లు అడిగి తీసుకున్నాడు. వేలితో నొక్కితే కొద్దిగా అణిగి అక్కడే ఉండిపోయాయి. పక్కల ముడతలు లేచాయి.

మరుసటి ఆదివారం ఇద్దరూ రాయగడ బస్సెక్కారు. ముందు రోజే ఆయన డాక్టరుకి ఫోను చేసి అన్నీ అడిగి కాగితం మీద రాసుకున్నాడు. సాయంత్రం దాకా కొట్టుకి వెళ్లలేదు. పగలంతా నడిచాక పాదం ఉబ్బుతుంది, అప్పుడే కొలవాలి. బజారులో కల్యాణి అనే తెలుగావిడ నడిపే కొట్టు. కుంతి గులాబీ రంగు జత చూపించింది. అడుగు ఎత్తుగా, చూడముచ్చటగా ఉంది. సూర్యారావు కాదనలేదు. వేసుకోమన్నాడు, నిలబడమన్నాడు. వేలికొసకీ బూటు కొసకీ మధ్య తన బొటనవేలు పెట్టి చూశాడు. బాగానే ఉంది. సందులో పరుగెత్తి రమ్మంటే మడమ జారుతోంది. తీసేశాడు. రెండోది రెండు చేతుల్తో వంచాడు. వేళ్ల మొదట్లో వంగాల్సింది నడిమధ్యలో వంగింది. అదీ వద్దన్నాడు. నాలుగో జతకి కుంతి బాగుందంది.

"ఎక్కడన్నా గుచ్చుకుంతందా? నాకు బయపడి సెప్పకు. అబద్దం సెప్పకు."

కుంతి వంగి బూటు అంచు పట్టుకుంది. "చిటికెన వేలు సారూ. కొద్దిగా."

"కొద్దిగా అంటే గుచ్చుకుంతందనే. ఇప్పీ."

ఆరోది కుదిరింది. బూడిదరంగు, చూడ్డానికి ఏమంత బాగోలేదు. మళ్లీ ఎప్పుడు మార్చాలో తెలియడానికి బూటు నాలుక లోపల ఆ రోజు తేదీ స్కెచ్ పెన్నుతో రాశాడు. కల్యాణి పెట్టెలు సర్దుతూ నవ్వింది.

"ఇంత పరీచ్చగా కొన్నోళ్లని సూడ్నేదు బాబూ. ఎంతమందికి కొన్నారేటి ఇలగ?"

"ఎవ్వరికీ కొన్నేదమ్మా," అన్నాడు సూర్యారావు. "ఇదే మొదులు."

మైదానం మళ్లీ మొదలైంది, కానీ మునుపటిలా కాదు. ఎనిమిది కిలోమీటర్లు నాలుగుకి తగ్గాయి. వారంలో రెండు రోజులు సెలవు. పరుగుకి ముందు ప్రతి ఒక్కరినీ ఒంటికాలి మీద పదిసార్లు ఎగరమనేవాడు. నొప్పితో ముఖం చిట్లించినవాళ్లని ఇంటికి పంపేసేవాడు. కొందరు విసుక్కుని మానేశారు. కుంతికి ఏడాదిలో రెండు జతలు మారాయి. ఆ మరుసటి వేసవిలో ఆమె పరుగు నెగ్గి కానిస్టేబుల్ అయింది. స్వీట్లు పట్టుకుని వస్తే కామేశ్వరమ్మ తీసుకుంది. సూర్యారావు ఒకటి నోట్లో వేసుకుని డ్యూటీకి వెళ్లిపోయాడు.

అప్పటికి గుణుపురం మూడుసార్లు వెళ్లొచ్చాడు. మూడుసార్లూ పుణ్యవతి లోపలి గదిలోంచి బయటికి రాలేదు. నాలుగోసారి వెళ్లినప్పుడు వాకిట్లోనే ఎదురైంది. ధాన్యం కొనుగోలు కేంద్రంలో రైతుల పేర్లు కంప్యూటర్‌లో ఎక్కించే పనికి కుదిరింది. బయల్దేరబోతోంది. పొట్టి కాలికి ఎత్తు చెప్పు వేసుకుంది.

"కుంతికి ఒచ్చిందంట కదా మావయ్యా."

"ఒచ్చింది అమ్మీ."

"బూట్లు మీరే కొన్నారంట."

ఆయన తలూపాడు.

"నాకు మెత్తగా నేవని సెప్పినప్పుడు మీ మొకం సూసేను," అంది పుణ్యవతి. "మీకు కోపమొచ్చింది. అందుకే మరి సెప్పనేదు. ఆకరి వారం నడుత్తుంటే కూడా నొప్పే. అయినా సెప్పనేదు."

"తప్పు నాదే అమ్మీ," అన్నాడు సూర్యారావు.

"మీదే మావయ్యా."

గట్టిగా అనలేదు. కసిగానూ అనలేదు. తారీకు అడిగితే చెప్పినట్టు చెప్పింది. చెప్పి, సంచీ భుజాన తగిలించుకుంది.

"బువ్వ తినీసి ఎల్లండి. అమ్మ వండతంది. నాకు టైమైపోతంది."

ఆమె దారి మలుపు దాటేదాకా, ఒక భుజం దిగుతూ లేస్తూ వెళ్లిన ఆ నడకని ఆయన చూస్తూ నిలబడ్డాడు. తర్వాత గున్నయ్యతో పాటు పీట మీద కూర్చున్నాడు. కోటేశ్వరమ్మ వడ్డించింది. ముగ్గురూ వర్షం గురించి రెండు మాటలు మాట్లాడుకున్నారు.

అప్పటి నుంచి ఆయన నెలకోసారి గుణుపురం వెళ్తాడు. ఒక్కో నెల పుణ్యవతి వచ్చి కాసేపు కూర్చుంటుంది. ఒక్కో నెల లోపలే ఉండిపోతుంది. అన్నం పెట్టింది తిని, మధ్యాహ్నం బస్సుకి తిరిగొచ్చేస్తాడు.